సరస్సు ఒడ్డున శాలువా

పేపర్ల నా ఫొటో చూసినోళ్లంతా ఫోన్లు చేసి తెగ మెచ్చుకుంటున్నరు. మెచ్చుకోకుండ్రి. అసలేం జరిగిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి. బయట మాత్రం చెప్పద్దు.

మా కరీంనగర్ వాకర్స్ అసోసియేషన్‌కు వచ్చే నెల ప్రెసిడెంట్ ఎలక్షన్. పోటీల నేనూ, సత్తయ్య. ఆయన పోయినేడు దుబాయ్ పోయి ఎవరో షేకుకు శాలువా కప్పి జిల్లా పేజీల పడ్డడు. అప్పటిసంది నాకు నిద్ర లేదు. రిటైరైన ఇంజినీర్‌ను, నేనేమన్న తక్కువ తిన్ననా? అందుకే మా ఆవిడ వనజతోని దక్షిణ అమెరికా తిరిగే ఓడ ఎక్కేటప్పుడు, సూట్‌కేసుల స్వెటర్ల కంటే ముందు రెండు జరీ శాలువాలు పెట్టిన.

చిలీ దేశంల ఓడ ఆగింది. ఆ రోజు టూరేందంటే, ఒక పెద్ద సరస్సు, దాని ఒడ్డున ఎన్నడో జర్మనీ నుంచి వలసొచ్చినోళ్లు కట్టుకున్న ఊళ్లు. చెక్క ఇండ్లు, కిటికీలల్ల పూలు, అవతల మంచు కొండ. గైడమ్మ ఈ కేకు తినాలె, ఆ చర్చి చూడాలె అంటుంటే, నా కండ్లు ఊరి పెద్ద కోసం వెతుకుతున్నయి. ఊరన్నంక పెద్ద ఉండడా? పెద్దమనిషన్నంక శాలువా వద్దంటడా?

దొరికిండు! వలసొచ్చినోళ్ల మ్యూజియం ముంగట నిలబడ్డడు. నల్ల కోటు, ఎత్తు టోపీ, తెల్ల మీసాలు, చేతిల వెండి పిడి కర్ర.

"ఈ ఊరి పెద్ద మీరేనా?" అని ఇంగ్లీషుల అడిగిన.

ఆయన తన కోటు దిక్కు ఒకసారి చూసుకొని నవ్విండు. "ఈ ఒక్కరోజుకు నేనే" అన్నడు.

ఎంత వినయం! మన దగ్గర వార్డు మెంబర్‌కు గూడ ఇంత వినయం లేకపాయె అనుకున్న.

శాలువా కప్పిన. కప్పి ఊకుంటే సన్మానం ఎట్లయితది? మానేరు డ్యాం గురించి, మా వాకర్స్ గురించి, రెండు ఊళ్ల నీళ్ల బంధం గురించి దంచికొట్టిన. చుట్టూ చేరినోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. ఫొటో తీస్తున్న వనజ మెల్లగ అన్నది, "గాయన మెడల బిళ్ల మన ఓడల ఇచ్చినసొంటిదే ఉన్నది. జర చూడుండ్రి."

మేయర్‌కు బ్యాడ్జీ ఉండదా, నువ్వు ఫొటో సక్కగ తియ్యి అని కసిరిన. కేకు హోటల్ల వైఫై దొరకంగనే మా ఊరి రిపోర్టర్‌కు పంపించిన.

వాపస్ పోదామని బస్సెక్కినం. చూస్తే వెనక సీట్ల అదే పెద్దమనిషి! కోటు లేదు, టోపీ లేదు. నిక్కరు, టీషర్టు, మీద నా శాలువా. మ్యూజియంల ఫొటోలు దిగెటందుకు పాతకాలం బట్టలు కిరాయికిస్తరట. ఆయనది కెనడా. నల్లాలు బిగించే పని. ఓడల మా పక్క గదేనట. వనజ తన మెడల ఉన్న ఓడ బిళ్ల తీసి నా చేతిల పెట్టింది. రెండు తిట్లు తిట్టినా బాగుండు.

పరేషానై రిపోర్టర్‌కు ఫోన్ చేసిన. పేజీ అచ్చుకు పోయిందట. 'జర్మనీ మేయర్‌కు కరీంనగర్ వాసి సన్మానం' అని హెడ్డింగ్ పెట్టిండట. చిలీ పేరు గూడ పాయె.

మిగిలిన రోజులన్నీ ఆ కెనడా ఆయన ఓడల అన్నానికి ఆ శాలువాతోనే వచ్చిండు. ఇన్నేండ్ల పనిల తనకెవ్వరూ ఒక్క దండ వెయ్యలేదని చెప్పుకుంట కండ్లు తుడుచుకున్నడు. ఎందుకు సన్మానించినవని అడగలే. నేనూ చెప్పలే. ఆయన సంతోషం చూస్తే నాకే సిగ్గయింది.

ఊరికి తిరిగొచ్చినంక, నిన్న పొద్దుగాల మేం నడిచే స్టేడియంల మా వాకర్స్ నాకు సన్మానం పెట్టిండ్రు. ఎందుకంటే, మేయర్‌ను సన్మానించినందుకు! ఫ్లెక్సీ, మైకు, దండలు. సత్తయ్య పోటీ నుంచి తప్పుకొని, తన చేతులతోనే శాలువా కప్పిండు. నిజం చెప్తే ప్రెసిడెంట్‌గిరి పోతది. చెప్పకుంటే ఆ జరీ మెడకు గుచ్చుకుంటున్నది. గుచ్చుకుంటే గుచ్చుకోనీ అని ఊకున్న.

అంతల కొత్తగ వాకింగ్‌కు వస్తున్న ఒకాయన దగ్గరికొచ్చి చెయ్యి కలిపిండు. "ఈ అసోసియేషన్ పెద్ద మీరేనా సార్?"

ముందు వరుసల వనజ నా దిక్కే చూస్తున్నది. శాలువా సదురుకొని అన్న, "ఈ ఒక్కరోజుకు నేనే."