ట్రంకుపెట్టె కాపలా

తాడేపల్లిగూడెం మాజీ సైనికుల సంఘానికి కోశాధికారి రిటైర్డ్ హవల్దార్ జిలానీ. పొద్దున్నే మీసం దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆఫీసులోని నల్ల ట్రంకుపెట్టె తాళం లాగి చూసుకుంటే గాని ఆయనకు టీ గొంతు దిగదు. బ్యాంకువాళ్లు చార్జీల పేరుతో ఏదో కోత పెట్టారని పౌరుషానికి పోయి, చనిపోయిన జవాన్ల కుటుంబాల కోసం పోగుచేసిన సంఘం డబ్బంతా తెచ్చి అందులో పెట్టాడు. సభ్యులకు వంతులవారీగా కాపలా వేశాడు. కాపలావాళ్ల టీ, టిఫిన్ల ఖర్చు పెట్టెలోంచే. కొన్నేళ్లకు పెట్టె అడుగు కనిపించింది. కాపలా మాత్రం ఆగలేదు.

మొన్న ఉంగుటూరు నుంచి ఆటోలో వంతుకొచ్చిన బుల్లిరాజు ఉండబట్టలేక అడిగాడు. "ఏవండీ హవల్దారు గారూ, ఖాళీ పెట్టెకి కాపలా ఎందుకండీ?"

జిలానీ గబగబా కిటికీ మూశాడు. "మెల్లగా అనండి బుల్లిరాజు గారూ! ఖాళీ అని ఊళ్లో తెలిస్తే మనకి చందా ఇచ్చేదెవరండీ? ఇదివరకు డబ్బుకే కాపలా, ఇప్పుడు పరువుకండీ. ఒక్కరు చాలరు, రేపట్నుంచి ఇద్దరుండాలి."

అని, తన పెన్షన్ డబ్బులోంచి ఒక నోటు తీసి పెట్టెలో వేశాడు. తాళం వేసి లాగి చూశాడు. మళ్లీ తాళం తీసి, ఆ నోటే టీకని బుల్లిరాజు చేతిలో పెట్టాడు.