రత్నాబాయి మేడం ఆపించిన అచ్చు

మొన్న నేను పనిచేసే మ్యూజియంలో పాత తంబురా దుమ్ము తుడుస్తుంటే గుడ్డ తగిలి తీగ ఒకటి మోగింది. ఆ మోత సద్దుమణిగేదాకా చెయ్యి కదపలేకపోయాను. తీగ ఏది మోగినా నాకు రత్నాబాయి మేడం గుర్తొస్తారు. ఇక ఆ రోజంతా కుదురుగా కూర్చోలేను.

రాయచూరులో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు చరిత్ర చెప్పేవారు. మీటే వాద్యాలంటే ప్రాణం. వాటిని మూడు వరుసలుగా చెప్పేవారు. విల్లులా వంగి, తీగలు గుల్లగా ఉన్న పొట్టలోంచి లేచేవి మొదటివి. పాత శిల్పాల్లోని వీణ అలాంటిదే. కర్రకు సొరబుర్ర కట్టి, కర్ర వెంట తీగ లాగినవి రెండోవి. పొట్టా మెడా ఒకటిగా కలిసినవి మూడోవి. "అన్నిటికి తల్లి వేటగాని విల్లే. నారి గుంజి ఇడిస్తే మోగింది, గాడ షురువైంది," అనేవారు. ఆ మాట మీదే ఏళ్ల తరబడి ఒక పుస్తకం రాశారు.

అది ప్రెస్సుకు వెళ్లిన రోజుల్లోనే నేనొక జొన్నదంటు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాను. మాది రాయచూరు దగ్గరి సిరవార. కాలవ కింద వరి సాగుకని కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. చిన్నప్పుడు పక్క పొలాల పిల్లలతో చేరి, దంటు పైపెచ్చును రెండు కొసలూ తెగకుండా సన్నగా చీల్చి, కింద పుల్లముక్కలు దూర్చి మీటేవాళ్లం.

"ఇందులో విల్లెక్కడుందండీ? వంచలేదు, కట్టలేదు. తీగ కూడా దంటులోదే," అన్నాను.

ఆవిడ మీటి చూశారు. మళ్లీ మీటారు. గంట కొట్టినా లేవలేదు. చివరికి, "నడు, ప్రెస్సుకు పోదాం," అన్నారు.

దగ్గర్లోనే థర్మల్ ప్లాంటు ఉన్నా ఊళ్లో కరెంటు లేదు. మిషన్ ఆగి ఉంది. "రేపు మొదలువెడ్తం మేడం," అన్నాడు ప్రెస్సాయన.

"వద్దు. మొదటి అధ్యాయం తప్పేమో."

"ఏమో అంటే ఎట్ల? తప్పో ఒప్పో చెప్పున్రి."

"గదే నాకు తెల్వది. తెల్సేదాంక ఆపున్రి."

జొన్నదంటు చూసి పుస్తకం ఆపిందని కాలేజీలో నవ్వుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ ఇంటికి వెళ్లి, "అచ్చు వేయించండి మేడం. నేనేదో ఆటవస్తువు తెచ్చాను," అని బతిమాలాను.

"నువ్వు తెచ్చినవని ఆపలేదమ్మా. ఇన్నేండ్లు నేను ఎవర్నీ అడగలేదని ఆపిన. సూరత్, అదే రూపం, చూసి వరుస పెట్టొచ్చు. తల్లెవరో, బిడ్డెవరో సూరత్ చూసి ఎట్ల చెప్తం?" అన్నారు.

తర్వాత సెలవులన్నీ మా జిల్లాలోనే జాలహళ్ళి వైపు పల్లెల్లో తిరిగారు. ఒంటితీగ ఏకతార వాయించేవాళ్లను, పిల్లలను, ఎవరు దొరికితే వాళ్లను, ఇది చేయడం ఎవరి దగ్గర నేర్చారని అడిగారు. రిటైరయ్యాక ఎప్పుడో పుస్తకం వచ్చింది, సన్నగా. మూడు వరుసలూ ఉన్నాయి, విల్లు కథ లేదు. ఆ చోట, ఇవి ఎన్నో చోట్ల ఎవరికి వారుగా పుట్టి ఉండవచ్చని, తనకు తెలిసింది ఇంతేనని రాశారు. పెద్దగా ఎవరూ కొనలేదు. ఆవిడ పోయేనాటికి తన ప్రతిలోనే మళ్లీ దిద్దుబాట్లు రాసుకుంటున్నారు.

ఇప్పుడు వాద్యాల పక్కన వివరాలు రాసి పెట్టే పని నాదే. దీని నుంచి అది పుట్టిందని ఒక్క ముక్కలో తేల్చెయ్యమంటారు పైవాళ్లు. నేను తేల్చను. ఆలస్యానికి మాటలు పడతాను. ఎప్పుడైనా అలసిపోయి, ఎవరినీ అడగకుండా అలా రాసేసిన రోజున మాత్రం ఇంటికెళ్లాక అన్నం సహించదు.