జిస్మోళ్‌కి తప్ప అందరికీ

కురియచ్చన్ రోగాన్ని దాచాలని మా ఊరంతా కలిసి నిర్ణయించింది. కురియచ్చన్‌ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా పేరు సోసమ్మ. ఇరవై ఆరేళ్ళు జర్మనీలో నర్సుగా చేసి తిరిగొచ్చి, కేరళలో పాలా దగ్గర కొండమీద ఉన్న మా ఊరి ఆస్పత్రిలో డయాలిసిస్ గది చూసుకుంటున్నాను. వయసు మీద పడింది కాబట్టి కోపం తగ్గించుకోమని వికారి అచ్చన్, అంటే మా చర్చి ఫాదర్, ఏటా ఉపదేశం చేస్తుంటాడు. నేను వింటాను. తగ్గించుకోను.

కురియచ్చన్ బడి బస్సు నడిపేవాడు. ముప్పై తొమ్మిదేళ్ళవాడు. ఒక జూన్‌లో కొండచరియ విరిగి దారి మూసుకుపోతే, ముప్పై మంది పిల్లల్ని బస్సు దించి, వానలో పాటలు పాడిస్తూ ఇళ్ళకి నడిపించుకొచ్చాడు. చర్చి పండగకి కర్రపెండలం, మాంసం కలిపి వండితే ఉప్పు చూసే పనుండేది కాదు. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. ఎవరేమన్నా "సరే" అంటాడు. అసలు జబ్బు అదేనని నా నమ్మకం. కిడ్నీల జబ్బు తర్వాతొచ్చింది.

అతని భార్య జిస్మోళ్ నర్సు. ఆమె ఇంగ్లండ్ వెళ్ళిన నాలుగు నెలలకు ఇతనికి కాళ్ళు వాచాయి. పరీక్ష చేస్తే రెండు కిడ్నీలూ పోయాయి. తల్లి మరియక్కుట్టి ఆ రోజే తీర్మానించింది.

"ఆ పిల్లకి చెప్పొద్దు. చెప్తే ఉద్యోగం వదిలేసి పరుగెత్తుకొస్తుంది."

మేనమామ ఔనన్నాడు. వికారి అచ్చన్ ఔనన్నాడు. వీసాల ఏజెంటు టోమిచ్చన్ అందరికంటే గట్టిగా ఔనన్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మా ఊరు ఈ ఒక్క విషయంలో మాత్రం పద్నాలుగు నెలలు నోరు మూసుకుంది. మంగళ, గురు, శనివారాలు కురియచ్చన్ నా గదికి వచ్చి నాలుగేసి గంటలు పడుకునేవాడు. సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో సిద్ధం చేసిన నరం తాడులా ఉబ్బి ఉండేది. వీడియోలో భార్యతో మాట్లాడేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. కిడ్నీలో చిన్న రాయి ఉందని మాత్రం ఆమెకు చెప్పారు.

చివరికి అతనికి భార్య ఉద్యోగం మీద వీసా వచ్చింది. ఛాతీ ఎక్స్‌రే తీసి క్షయ లేదని చూశారు. అంతే, కిడ్నీల గురించి ఎవరూ అడగలేదు. కల్లుపాకలో వాళ్ళు "పెళ్ళాం కొంగు పట్టుకుని పోతున్నావటగా" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకున్నాడు. టోమిచ్చన్ మాత్రం నా గదిలోకే వచ్చి మరీ హుకుం జారీ చేశాడు.

"కిడ్నీ అన్న మాట వినపడిందంటే ఎయిర్‌పోర్టు నుంచే తిరుగు విమానం ఎక్కించేస్తారు. పెట్టెలో ఒక్క ఆస్పత్రి చీటీ కూడా ఉండకూడదు."

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాను.

"అనుభవం, చేచీ" అన్నాడు. చేచీ అంటే అక్క, ఊరంతా నన్నలాగే పిలుస్తుంది.

"నువ్వు ఏ దేశం వెళ్ళావురా?"

"కొచ్చి ఎయిర్‌పోర్టు దాకా వందసార్లు వెళ్ళాను."

వీడి అనుభవం మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడింది! డయాలిసిస్ అంటే బస్సు కాదు, దిగిన చోట ఎక్కడానికి. అక్కడి ఆస్పత్రికి ముందే తెలియాలి. యంత్రం పక్కన కుర్చీ ఖాళీగా ఉండాలి. రక్తంలో అంటురోగాలు లేవని కాగితం చూపించాలి. శనివారం ఇక్కడ చేయించుకుని ఆదివారం విమానమెక్కినవాడికి మంగళ బుధవారాల్లో అక్కడ యంత్రం దొరక్కపోతే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మునిగిపోవడానికి చెరువే అక్కర్లేదు. ఇదంతా కురియచ్చన్‌కి విడమర్చి చెప్పాను. డాక్టరు చేత ఉత్తరం రాయించి, సంతకం పెట్టించి, రక్తపరీక్షలతో కలిపి ఫైలు చేసిచ్చాను.

"ఇవాళే జిస్మోళ్‌కి చెప్పి ఇది పంపించు. కుర్చీ ఆమే చూసిపెడుతుంది."

"సరే చేచీ" అన్నాడు.

ఇది పది రోజుల ముందు మాట. ప్రయాణానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం చివరి డయాలిసిస్‌కి వచ్చాడు. సూదులు పెట్టి, యంత్రం తిప్పి, కుర్చీ ఎప్పటికి దొరికిందని అడిగాను. అతను కిటికీకేసి చూశాడు.

"ఫైలు అమ్మ తీసుకుంది, చేచీ."

"తీసుకుని?"

"గీవర్గీస్ పుణ్యాత్ముడి దగ్గర పెట్టింది."

మా ఊళ్ళో వీసా వచ్చిన ప్రతివాడి పాస్‌పోర్టూ చర్చిలో తొమ్మిది రోజుల ప్రార్థన అయ్యేదాకా, గుర్రమెక్కిన గీవర్గీస్ పుణ్యాత్ముడి విగ్రహం పాదాల దగ్గర ఉంటుంది. నాదీ ఒకప్పుడు ఉంది, నేనేం కాదనను. కానీ రోగం ఫైలు పెట్టినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు.

"కాగితాలు వెంట వెళ్తే రోగం వెంట వస్తుందట" అన్నాడు నీరసంగా. "ఇక్కడ వదిలేస్తే ఇక్కడే ఉండిపోతుందట."

"ఉండిపోతుంది! నీ శవం దగ్గర కూర్చుని తీరిగ్గా ఏడుస్తుంది! జిస్మోళ్‌కి చెప్పావా?"

చెప్పలేదు. పద్నాలుగు నెలల నుంచి ఉగ్గబట్టుకున్న కోపమంతా తన్నుకొచ్చింది. "ఒరే, నాలుగు రోజుల్లో ఆ పిల్ల గదిలో నువ్వు ఊపిరాడక గిలగిల్లాడితే ఆ పిల్ల ఏం చెయ్యాలి? రాయి అనుకుని నీళ్ళు తాగిస్తుందిరా! ఆ నీళ్ళే నిన్ను చంపుతాయి. ఈ పాపం ఎవరిది? అమ్మది, అచ్చన్‌ది, టోమిచ్చన్‌ది అనకు. నోరున్నవాడివి నువ్వు."

అతను కుడిచేత్తో జేబులోంచి ఫోను తీశాడు.

"నువ్వే పట్టుకో చేచీ. నా చేతిలో ఉంటే కట్ చేసేస్తాను."

జిస్మోళ్ డ్యూటీకి బయల్దేరుతున్నట్టుంది, యూనిఫారంలో ఉంది. "ఇచ్చాయా, పచ్చళ్ళ సీసాలు బట్టల్లో చుట్టారా?" అని నవ్వుతూ మొదలుపెట్టింది; మొగుణ్ణి ఇచ్చాయన్ అనే పిలుస్తుంది. నేను ఫోను మెల్లగా కిందికి దించాను. ఎడమ చెయ్యి, రెండు ఎర్రటి గొట్టాలు, యంత్రం కనిపించాయి. అవతల నవ్వు ఆగిపోయింది. నర్సుకి వివరించాల్సిన పనిలేదు.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"పద్నాలుగు నెలలు."

"ఎవరెవరికి తెలుసు?"

"ఊళ్ళో అందరికీ."

"అందరికీనా? బడి పిల్లలకి కూడానా?"

అతను తలూపాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ భయపడింది."

"అమ్మ సంగతి తర్వాత. నువ్వెందుకు చెప్పలేదు?"

"వదిలేస్తావేమోనని" అన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఏడాదిన్నర ఇద్దరు పరాయి ఆడపిల్లలతో ఒకే గదిలో పడుకున్నాను, ఇచ్చాయా, నిన్ను తెచ్చుకోవాలని! వదిలేసేదాన్నయితే ఎప్పుడో వదిలేసేదాన్ని, ఇంత చాకిరీ ఎందుకు చేస్తాను?" ఆమె కూడా ఏడుస్తోంది, ఏడుస్తూనే తిడుతోంది. తర్వాత ముఖం తుడుచుకుని నన్ను పిలిచింది. "చేచీ, ఎంత నీరు తీస్తున్నారు?"

"మూడు లీటర్లు."

"డాక్టరు ఉత్తరం ఉందా? ఇవాళే ఫొటో తీసి పంపండి. ఇచ్చాయన్ రేపు విమానం ఎక్కడు. కుర్చీ దొరికాక నేను చెప్తాను, అప్పుడు ఎక్కుతాడు."

నాలుగు గంటలూ అయ్యాక అతన్ని వెంటబెట్టుకుని తిన్నగా చర్చికి వెళ్ళాను. సంతకం పెట్టిన డాక్టరు ముందురోజే దుబాయ్‌లో కూతురి దగ్గరికి పోయాడు, ఇంకో ఉత్తరం రాయించే దారి లేదు. అద్దాల పెట్టెలో పుణ్యాత్ముడి గుర్రం కాళ్ళ కింద పాస్‌పోర్టు, దాని కింద నా ఫైలు. పెట్టెకు తాళం. వికారి అచ్చన్, మరియక్కుట్టి అక్కడే ఉన్నారు.

"తొమ్మిదో ప్రార్థన రేపు పొద్దున" అన్నాడు అచ్చన్. "మధ్యలో తియ్యకూడదు సోసమ్మా."

"పుణ్యాత్ముడికి కామెర్ల పరీక్ష కాగితంతో ఏం పని అచ్చో? ఆయనేమైనా ఇంగ్లండ్ వెళ్తున్నాడా?"

"నా కొడుకు వీసా చెడగొట్టడానికే వచ్చావు నువ్వు!" మరియక్కుట్టి నా మీదికొచ్చింది. "నీకేం తెలుసు? తెలిస్తే ఆ పిల్ల వీణ్ణి వదిలేస్తుంది. యంత్రం మీద బతికేవాణ్ణి ఎవతి ఏలుకుంటుంది?"

"వదిలెయ్యలేదమ్మా" అన్నాడు కురియచ్చన్ వెనకనుంచి. "చెప్పేశాను. తాళం ఇయ్యి అచ్చో."

అతను ఎవరికైనా 'ఇయ్యి' అనడం నేను వినడం అదే మొదలు. అచ్చన్ తాళం ఇచ్చాడు. మరియక్కుట్టి చర్చి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఆమె మీద నాకు జాలి కలగలేదని అబద్ధం చెప్పను. కానీ జాలిపడుతూ కూర్చుంటే కొడుకు పోయేవాడు.

విమానం తప్పినందుకు ఊరు నన్ను నానా మాటలూ అంది. సోసమ్మకి ఒకరి మంచి గిట్టదన్నారు. ఇన్నాళ్ళూ దాచినవాళ్ళంతా మంచివాళ్ళు, చెప్పించిన నేను ఇంటి గుట్టు బయటపెట్టినదాన్ని! పంతొమ్మిది రోజులకు అక్కడ కుర్చీ దొరికింది. కురియచ్చన్ ఇక్కడ డయాలిసిస్ చేయించుకుని, మర్నాడు ఫైలు చేతిలోనే పట్టుకుని వెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో ఎవరూ వెనక్కి తోయలేదు.

రెండు రోజుల తర్వాత జిస్మోళ్ ఫోను చేసింది. "ఇప్పుడే యంత్రం మీద పడుకోబెట్టారు చేచీ. వివరాలు రాసుకుంటూ అక్కడి నర్సు ఇచ్చాయన్‌ని అడిగింది, నీకేదైనా అయితే ముందు ఎవరికి చెప్పాలీ అని."

"ఏమన్నాడు?"

"నా పేరే చెప్పాడు. ముందు ఈమెకే చెప్పండి, తర్వాతే ఎవరికైనా అన్నాడు" అంది.

ఫోను పెట్టేసి నేను మళ్ళీ మండిపడ్డాను. కట్టుకున్న పెళ్ళానికి ముందు చెప్పాలన్న మాట అనడానికి మనిషి సముద్రాలు దాటి పోవాలా?