అమ్మ కంచంలో నా పెత్తనం

నాకు చిన్నప్పటి నుంచీ ఒక దురలవాటు ఉంది. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేలోపే తీర్పు చెప్పేస్తాను. పాతికేళ్లుగా బళ్లో సైన్సు చెబుతున్నాను కాబట్టి అది తగ్గకపోగా ముదిరింది. దాని ఫలితం అనుభవించింది మాత్రం మా అమ్మ.

అమ్మ రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. నేను సత్తెనపల్లిలో. ఆరేళ్ల కిందట ఊళ్లో ఉచిత వైద్య శిబిరం పెట్టి అందరికీ రక్తపరీక్షలు చేశారు. అమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆదివారం నేను వెళ్లేదాకా దాచింది. కొలెస్ట్రాల్ ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువుంది. నూనె తగ్గించి, మూడు నెలలకు మళ్లీ చూపించుకోమన్నారట. నాకది చాలలేదు. నాన్న గుండెపోటుతోనే పోయాడు. భయం వేసింది, కాదనను. నాకు భయం వేస్తే గొంతు పెరుగుతుంది.

“ఇవాళ్టి నుంచి గుడ్డు లేదు, మాంసం లేదు, చేపలు లేవు. పాలూ పెరుగూ కూడా బంద్,” అన్నాను.

“పెరుగు కూడానా?”

“పెరుగు మీద మీగడ ఉండదా?”

అమ్మ ఆ పూట నుంచే చారన్నంతో భోజనం ముగించడం మొదలుపెట్టింది. గేదెల పాలు కేంద్రంలో పోసి వచ్చి, తాను గోంగూర పచ్చడి కలుపుకునేది. ఇంట్లో కోడికూర వండిన రోజు కూడా తన కంచంలో పులుసు చుక్క పడనిచ్చేది కాదు. మరదలు బతిమాలితే “అమ్మాయి వద్దంది” అనేదట. నేను ఫోన్లో ఆరా తీసి మరీ మెచ్చుకునేదాన్ని. మూడు నెలల తర్వాత పరీక్ష సంగతి ఎవరమూ గుర్తుచేసుకోలేదు. కడుపులో మంట అని రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం ఆవిడకు అంతకు ముందు నుంచే అలవాటు. అదీ అలాగే సాగింది.

రెండేళ్ల కిందట, మిరపకాయలు కల్లాల్లో ఆరబోసిన రోజుల్లో, చేతులూ కాళ్లూ మండుతున్నాయంది. ఆ రోజుల్లో చేతులు మండని ఆడమనిషి మా వైపు ఉండదు. పొద్దస్తమానం రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చుంటే మండక ఏం చేస్తాయి? ఆముదం రాసుకోమన్నాను. రాసుకుంది. కాయలు యార్డుకు వెళ్లిపోయాయి, వానలు పడ్డాయి, మళ్లీ నారు పోశారు.

“ఏందో అమ్మాయ్, కాయలమ్మేసినా మంట పోలా,” అంది ఒకరోజు.

“ఇన్నేళ్లు చేసిన పని. అంత తొందరగా పోతుందా?” అన్నాను. నాలుక ఎర్రబడి నున్నగా అయింది. దానికీ కారమే కారణమన్నాను. పాపం, మిరపకాయ మీద మోపని నేరం లేదు.

కిందటేడు వేసవి సెలవులకు వెళ్లాను. అమ్మ కల్లం నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చింది. “రెండోది ఎవరికి దానం చేశావు?” అని నవ్వాను. ఆవిడ కిందికి చూసుకుంది. వట్టి కాలిలో తుమ్మముల్లు దిగి ఉంది, వాకిలి పొడవునా నెత్తురు మరకలు. చెప్పు ఊడిందని కానీ ముల్లు దిగిందని కానీ ఆవిడకు తెలియదు. తన పాదాన్ని ఎవరిదో పాదాన్ని చూసినట్టు చూసింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మిరపకాయ మండిస్తుంది కానీ ముల్లు తెలియకుండా చేయదు.

మర్నాడు నరసరావుపేట తీసుకెళ్లాను. డాక్టరు శ్రుతిదండాన్ని మోగించి అమ్మ చీలమండ మీద పెట్టాడు. శబ్దం పాఠానికి నేను పిల్లల చేతికి ఇచ్చేది అలాంటిదే.

“అదురు తెలుస్తోందా అమ్మా?”

“ఏం లేదయ్యా.”

కళ్లు మూసుకుని నిలబడమంటే పక్కకు తూలింది. రక్తపరీక్షలో బి12 విటమిన్ దాదాపు లేదని తేలింది. అది పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల్లోనే దొరుకుతుందని, పచ్చళ్లలో, చారులో ఉండదని ఆయన చెప్పాడు. కాలేయంలో ఉన్న నిల్వ కొన్నేళ్లు నడిపిస్తుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదట. ఒంటికి పట్టే ఆ కాస్తనూ గ్యాస్ మాత్ర తగ్గిస్తుందట. నిల్వ అయిపోయాక నరాలు దెబ్బతింటాయట. ఏటా నేను బోర్డు మీద రాసే పట్టికలో బి12కి ఎదురుగా రక్తహీనత అని ఉంటుంది. అక్కడితో ఆగి పిల్లల చేత వల్లె వేయించాను. నరాల సంగతి నేనూ చదవలేదు.

“ఇవన్నీ మానెయ్యమని నీకు ఎవరు చెప్పారమ్మా?” అన్నాడు డాక్టరు, శిబిరం నాటి కాగితం చూసి, అమ్మ తిండి సంగతి విన్నాక. గొంతులో కోపం ఉంది.

అమ్మ నా వైపు చూడలేదు. “ఎవరూ చెప్పలేదయ్యా. నాకే సయించక మానేశా.”

ఆయన ఆవిడనే మందలించాడు. కొలెస్ట్రాల్ కాస్త పెరిగితే నూనె తగ్గించి, నడిచి, మళ్లీ పరీక్ష చేయించుకోవాలి కానీ తిండంతా మానుకుంటారా అన్నాడు. నేను ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. తప్పు చేసినవాళ్లు లేచి నిలబడండి అని క్లాసులో రోజూ అనే మనిషిని. మానమన్నది నేనేనని మాత్రం చెప్పలేదు. ఆ పిరికితనం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఇంజెక్షన్లు మొదట రోజూ, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. మంట పోయింది. నాలుక బాగుపడింది. చేతులకు పట్టు వచ్చింది. పాదాలకు మాత్రం స్పర్శ రాలేదు. ఆలస్యమైంది, ఇక రాకపోవచ్చు అన్నారు. నేల చూసుకుంటూ నడుస్తుంది. కల్లం వైపు వెళ్లడం లేదు.

పోయిన నెల ఇంజెక్షను వేయించి, బస్టాండులో కూర్చున్నాక అడిగాను. “డాక్టరుకు నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా? మానమంది నేనేగా?”

“నా మంచికే చెప్పావుగా. ఇట్టా అవుద్దని తెలిస్తే చెబుతావా ఏంది?”

“తెలియకుండానే చెప్పాను.”

“ఆ సంగతి నాకెట్టా తెలుసు? నీకన్నీ తెలుసనుకున్నా,” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇంతలో బస్సు వచ్చింది. అమ్మ కడ్డీ పట్టుకుంది కానీ పాదం మెట్టు మీద ఆనిందో లేదో తేల్చుకోలేక ఆగిపోయింది. నేను వంగి, రెండు చేతులతో ఆ పాదాన్ని ఎత్తి మెట్టు మీద పెట్టాను. ఆవిడ ముందుకే చూస్తోంది. నా చేతులు తగిలిన సంగతి ఆవిడకు తెలియలేదు.