మాస్టారు చదవని ఉత్తరాలు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే, అంగలకుదురులో మా ఇంటి గుమ్మం ముందు ఒక అమ్మాయి చెప్పులు విప్పుతూ కనిపించింది. రేపల్లె దగ్గర హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెప్పిన ఆఖరి సంవత్సరాల్లో నా దగ్గర చదువుకున్న పిల్ల. తల్లి సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఈ పిల్ల ఇప్పుడు తెనాలిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, కాలేజీకే ఫస్టు. పై చదువుకయ్యే ఖర్చంతా భరించే ఫెలోషిప్ ఒకటి ఉందట, దానికి కాలేజీ వాళ్ళ ఉత్తరంతో పాటు చిన్నప్పటి నుంచీ ఎరిగిన టీచరు ఉత్తరం కూడా కావాలట. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఫోను నా చేతికిచ్చి, "మీకు శ్రమ లేకుండా రాసి తెచ్చేశానండి మేడమ్. మీరు సంతకం పెడితే చాలండి" అంది.

పాపం, గౌరవంతోనే అంది. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. ఆ కోపం ఆ పిల్ల మీద కాదని తెలుసుకోవడానికి కాస్త సమయం పట్టింది.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో సిఫారసు ఉత్తరం అనేది లెక్చరరు గారు రాసేది కాదు, ఆయన సంతకం పెట్టేది. రాయడం మన పనే. నేను నగరం అనే ఊరి దగ్గర మా పల్లె నుంచి నాన్న సైకిలు వెనక కూర్చుని రేపల్లె చేరి, అక్కడి నుంచి పాసింజరు రైల్లో తెనాలి కాలేజీకి వెళ్ళి చదువుకున్నదాన్ని. నాన్న మిషను బడిలో పంతులు, నా తర్వాత ఇంకా నలుగురు పిల్లలు. బి.ఏ. అయ్యాక హైదరాబాదులో ఎం.ఏ. ఇంగ్లీషు చదవాలని, లెక్చరరు కావాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను. దానికి ఉన్న దారి ఒక్కటే, ఒక ట్రస్టు వాళ్ళు ఏటా ఒక్కరికి ఇచ్చే ఫెలోషిప్. మా కాలేజీ నుంచి ఇద్దరం అర్హులమయ్యాం, నేనూ, బెంచీ మీద నా పక్కనే కూర్చునే నా స్నేహితురాలూ. తనది తెనాలే, తండ్రి ప్లీడరు. ఆ ఫెలోషిప్ లేకపోయినా తన చదువు ఆగేది కాదు, నాది ఆగుతుంది. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మా కాలేజీ ఇంగ్లీషు మాస్టారంటే నాకు ప్రాణం. ఆయన తలెత్తి "బాగుందమ్మా" అన్న రోజు నేను రైల్లో నిలబడి వెళ్ళినా కాళ్ళు నొప్పి పుట్టేవి కావు. ఆయన నన్ను పిలిచి, నీ ఇంగ్లీషు బాగుంటుంది, ఇద్దరి ఉత్తరాలూ నువ్వే రాసి పట్టుకురా, నేను చదివి సరిచేసి సంతకం పెడతాను అన్నారు. చదివి సరిచేస్తాను అన్న ఆ మాటే పట్టుకుని నేను లైబ్రరీలో బల్ల ముందు కూర్చున్నాను, నా స్నేహితురాలు ఎదురుగా కూర్చుంది.

ముందు నా ఉత్తరం మొదలుపెట్టాను. కలం కదిలితేగా! మన గొప్ప మనమే చెప్పుకుంటే దేవుడు చెప్పడానికేం మిగులుతుందని రోజూ కుటుంబ ప్రార్థన తర్వాత నాన్న అనే మాట విని పెరిగిన పిల్లని. క్రమం తప్పకుండా క్లాసుకు వస్తుంది, వినయం గలది, గౌరవమైన కుటుంబం నుంచి వచ్చింది. మూడు వాక్యాలు రాసి ఆపాను, మిగిలింది మాస్టారే చేరుస్తారులే అనుకున్నాను. తన ఉత్తరం మొదలుపెట్టేసరికి మాత్రం కలం పరుగెత్తింది. తన గురించి ఏం రాయాలో తోచక, నా గురించి రాసుకోలేని మాటలన్నీ తన పేరు మీద రాసేశాను. కొనుక్కోలేని వ్యాకరణ పుస్తకాన్ని లైబ్రరీలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చేత్తో ఎత్తి రాసుకున్నది నేను. మా చర్చి ఆదివారం బడిలో చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పింది నేను. అవి నావని చెప్పుకోవడం గర్వమనుకున్నాను గానీ, ఇంకొకరివని రాయడం అబద్ధమవుతుందని ఆ పూట నాకు తట్టనేలేదు.

తను రెండూ చదివింది. "ఇదేంటే, నీది ఇంత చిన్నగా ఉంది?" అంది. మాస్టారు చూస్తారుగా అన్నాను. తను తన ఉత్తరాన్ని మాత్రం మరోసారి చదువుకుంది.

ఇంటర్వ్యూ బాపట్లలో జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు, మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు సర్దుకుని నా ఉత్తరం పైకి చదివారు. చదవడానికి ఎంతసేపు పడుతుంది, మూడు వాక్యాలు! ఒక్క అక్షరం మారలేదు. "మీ మాస్టారు ఆ అమ్మాయి గురించి పేజీ నిండా రాశారు. నీ గురించి ఆయనకేం కనపడలేదేంటమ్మా?" అని అడిగారు. నేనే రాశానండి అనవచ్చు. అంటే మాస్టారి పరువేం కావాలి? తల వంచుకుని, "తెలియదండి" అన్నాను. బయట వరండాలో నా స్నేహితురాలు జడ సవరించుకుంటూ తన వంతు కోసం చూస్తోంది.

ఫెలోషిప్ తనకే వచ్చింది. కాలేజీలో సన్మానం చేశారు. మాస్టారు మైకు ముందు నిలబడి, ట్రస్టు వాళ్ళు మెచ్చుకుంటూ పంపిన ఉత్తరం నకలు చేత్తో పట్టుకుని, ఈ ఉత్తరం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది, ఒక్కొక్క మాటా తూచి రాశాను అని చెప్పి, లైబ్రరీ పుస్తకం మొత్తం చేత్తో ఎత్తి రాసుకున్న పిల్ల మా కాలేజీలో ఉండడం మా అదృష్టం అన్నారు. నా స్నేహితురాలు సిగ్గుపడుతూ తల దించుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ పుస్తకం ఎత్తి రాసిన మూడు నోటుబుక్కులూ అప్పుడు నా ఒళ్ళోని సంచిలోనే ఉన్నాయి.

మర్నాడు స్టాఫ్ రూముకు వెళ్ళి, చదువుతానన్నారు కదండీ అని మాత్రం అడగగలిగాను. ఆయన పేపరు దించకుండానే, "నీ మీద నమ్మకంతోనేనమ్మా చదవకుండా సంతకం పెట్టింది. నువ్వు రాసుకున్నదేగా, నన్నేం చేయమంటావు?" అన్నారు. నేను ప్రాణంగా చూసుకున్న మనిషే నన్ను మోసం చేశారు. నావి తనవిగా ఉంచేసుకున్న స్నేహితురాలిని తలుచుకుని ఏడ్చాను, అది కొన్నాళ్ళకు తగ్గింది. ఈ మాట మాత్రం ఇన్నేళ్ళయినా తగ్గలేదు. నేను బి.ఇడి. చేసి హైస్కూలు టీచరునయ్యాను. తను యూనివర్సిటీలో ప్రొఫెసరై రిటైరయింది. ఏటా క్రిస్మస్‌కు ఫోనులో శుభాకాంక్షలు పంపుతుంది, నేనూ పంపుతాను. ఆ ఉత్తరం సంగతి తను ఎత్తదు, నేనూ ఎత్తను.

ఇంతకీ ఆ పిల్ల ఫోనులో ఉన్నది చదివాను. పెద్దపెద్ద ఇంగ్లీషు మాటలు, నాకే నిఘంటువు తీయాల్సినవి కొన్ని. అందులో ఆ పిల్ల మాత్రం ఎక్కడా లేదు. ఎవరు రాశారంటే, "ఫోన్లో ఏఐని అడిగితే అదే రాసిచ్చిందండి. కాలేజీలో సారు కూడా అలాగే తెమ్మన్నారండి" అంది. సంతకం పెట్టనన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది. గడువు శుక్రవారమట. బుధవారం రమ్మని పంపేశాను.

రెండు రోజులు కూర్చుని నా చేత్తో రాశాను. తెల్లవారకముందే తల్లితో కలిసి ఇసుక మీద చేపలు పరిచి, ఆ తర్వాత బస్సెక్కి కూడా ఏ రోజూ మొదటి గంట తప్పని సంగతి రాశాను. తొమ్మిదో తరగతిలో నేను పొరపాటున రెండు మార్కులు ఎక్కువ వేస్తే, పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చి తగ్గించమన్న సంగతి రాశాను. బుధవారం వచ్చి, గుమ్మంలో నిలబడే చదివింది. చదివి, "ఇవన్నీ మీరు చూశారాండీ మేడమ్?" అంది. చూడకుండా ఎలా ఉంటానే అన్నాను.

ఆ పిల్లకు ఫెలోషిప్ వస్తుందో రాదో తెలియదు. మా కాలంలో సొంత గొప్ప చెప్పుకోవడానికి నోరు రాక నష్టపోయాం, ఈ కాలం పిల్లలకు ఆ బెరుకు లేదు, మంచిదే. కానీ చదవకుండా సంతకం పెట్టేవాళ్ళు అలాగే ఉన్నారు, ఇప్పుడు రాసేవాళ్ళు కూడా కరువయ్యారు. ఆ పిల్ల కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుని బస్సు కోసం వెళ్తుంటే నాకు అసూయ కలిగిన మాట దాచను. నా గురించి నిండుగా రాసిన పేజీ ఈ లోకంలో ఒక్కటే ఉండేది. అది రాసుకున్నది నేనే. అందులో ఉన్న పేరు మాత్రం నాది కాదు.