ఒక్క గుక్కలో లెక్కపెట్టు!

గుక్కబాబాయికి ఎవరు ఎదురుపడినా ఒకటే మాట: "ఏదీ, ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టు!"

రాళ్ళు కోసి నునుపు చేసే షెడ్డులో మందుల పెట్టె ఆయన చేతికింద ఉండేది. దేశదేశాల డాక్టర్లు కలిసి పనివాళ్ళ ఆరోగ్యం మీద పదిరోజుల శిక్షణ పెడితే వెళ్ళొచ్చాడు. అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. ఓసారి బస్సులో విజిల్ వేయాల్సిన కండక్టరు చేత లెక్కపెట్టిస్తే, నలభై మూడు వచ్చేసరికి రెండు స్టాపులు దాటిపోయాయి. ఇంట్లో భార్య తిట్టినా గడియారం పట్టుకుని కూర్చుని, "భేష్! నీ ఊపిరితిత్తులకు ఢోకా లేదే!" అనేవాడు.

షెడ్డులో ఎవరెంత లెక్కపెట్టారో రాసుకునే పుస్తకంలో మాత్రం మనిషి పేరు రాసేవాడు కాదు. 'మూడో మిషన్: ముప్పై', అంతే.

"మిషన్ ఊపిరి పీలుస్తుందా బాబాయ్?" అని షెడ్డంతా నవ్వేది.

పాలిష్ పనివాడికి మాత్రం నవ్వొచ్చేది కాదు. వంతులవారీగా మూడో మిషన్ ఎక్కే నలుగురిలో అతనొకడు. వానాకాలం నుంచీ దగ్గు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారు, ఇంట్లో పిల్లలిద్దరు. అందుకే లెక్కలో పదమూడు కాగానే గొంతు సవరించినట్టు చేసి, ఇరవై రెండుకు దూకి, ముప్పై దాకా లాగేవాడు.

"భేష్!" అని రాసుకునేవాడు బాబాయి.

ఓ రోజు ఆ డాక్టర్ల సంఘం నుంచి ఒకావిడ వచ్చింది.

"మావాళ్ళంతా ఉక్కుపిండాలండీ," అన్నాడు యజమాని.

బాబాయి పుస్తకం తీశాడు. పాలిష్ పనివాడు మెల్లగా మిషన్ చాటుకు జరిగాడు.

"మూడో మిషన్ దగ్గర లెక్క బాగా పడిపోయిందే! ఎవరిది?" అంది డాక్టరు.

"ఎవరిదైతే ఏంటమ్మా? మనిషి మారినా దుమ్ము మారదుగా. జబ్బు మిషన్‌ది. ముందు దానికి మందెయ్యండి."

నెల తిరక్కుండా రాయి మీద నీళ్ళు చిమ్మే పైపులొచ్చాయి, దుమ్ము అణిగింది. అందరికీ ఛాతీ పరీక్షలు జరిగాయి. జబ్బుంటే పని మార్చాలే గాని మనిషిని తీసెయ్యకూడదని డాక్టరు యజమాని చేత సంతకం పెట్టించింది. పాలిష్ పనివాడు దుమ్ము లేని ప్యాకింగ్ గదికి మారాడు.

మొదటిరోజే బాబాయి ప్రత్యక్షం. "ఏదీ, ఒక్క గుక్కలో!"

ఈసారి ఒక్క అంకె వదలకుండా చెప్పి, ఇరవై రెండు దగ్గర ఆగిపోయాడు. సిగ్గేసింది. "బాబాయ్, ఇన్నాళ్ళూ నేను..."

"ఎనిమిది మింగావు. నాకు చెవులు లేవనుకున్నావా? ముప్పై కొట్టేసి ప్రతిసారీ ఇరవై రెండే రాశాను. ఆ ఎనిమిదే రా, నీళ్ళ పైపులు తెచ్చింది!"

పాలిష్ పనివాడు నవ్వాడు. బాబాయి వెంటనే గడియారం తీశాడు.

"ఆగకు! అదేదో ఒక్క గుక్కలో నవ్వు."