టీచరమ్మ తెమ్మన్న గద

మా చిన్నప్పుడు... ఒక సోమవారం సాయంత్రం బడి సంచీ గుమ్మంలో పడేసి, "అవ్వా, శనివారం బడికి అందరూ గద తేవాలంట!" అన్నాను.

అవ్వ అంటే మా నాయన వాళ్లమ్మ. బియ్యం చెరుగుతున్న చాట చేతిలో అలాగే ఆగిపోయింది.

"గదా? ఎవురు జెప్పింది?"

"టీచరమ్మే. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తేవాలంట."

ఆంజనేయస్వామికి దండం పెట్టనిదే పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి మా అవ్వ. ముఖం దీపంలా వెలిగిపోయింది. "స్వామి పేరుతో బళ్లో ఏందో జేస్తా ఉండారు. వట్టి గద పట్టుకోని పోతే ఏం బాగుంటాది? వేషమే కట్టేద్దాం!"

పుదుచ్చేరిలో ముత్తియాల్‌పేట మాది. తాతల కాలం నుంచీ ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకప్పుడు ఆరేళ్లు... ఆ ఏడే బళ్లో వేశారు.

కొని తెచ్చే మాటే లేదు. నెర్రె విచ్చి పెరుగుకు పనికిరాని మట్టి ముంత ఒకటి దొరికింది. విరిగిన గొడుగు కర్ర దానికి పిడి అయింది. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి, అవ్వ రుబ్బురోట్లో మెత్తగా రుబ్బడం మొదలుపెట్టింది.

మా అమ్మ లబలబలాడింది. "అత్తా! ఆ రోట్లో గదా నేను పిండి రుబ్బేది? రేపు దోశల మీద వార్తలు చదువుకోవాల!"

"చదువుకో. నాక్కూడా చదివి జెప్పు" అంది అవ్వ, చెయ్యి ఆపకుండా.

ఆ గుజ్జును ముంతకు పొరలు పొరలుగా మెత్తి మిద్దె మీద ఎండబెట్టాం. కాకులు పొడవకుండా కాపలా నాది. సముద్రపు గాలికి అది ఓ పట్టాన ఆరేది కాదు... గంటకోసారి వేలితో నొక్కి చూసి అవ్వ చేత తిట్లు తినేదాన్ని. ఆరాక పసుపులో జిగురు కలిపి పూశాం. అగరొత్తుల పెట్టెల్లోని బంగారు కాగితాలు చుట్టూ పట్టీలయ్యాయి. పాత చీర పేలికలు ఇనప తీగకు చుట్టి నాయన తోక చేశాడు. ఎటు వంచితే అటు వంగేది! కిరీటం మాత్రం పెళ్లి పత్రికల అట్టలతో... నుదుటి మీద 'శుభలేఖ' అన్న అక్షరాలు తళతళ మెరుస్తూనే ఉండేవి.

శనివారం పొద్దున మూతికి కుంకుమ, కొబ్బరినూనె. నాయన సైకిల్ మీద ముందు నేను, వెనక అవ్వ. బజారు మలుపులో పూలమ్మే ఆవిడ నన్ను చూసి నవ్వుతూనే చెంపలు వేసుకుంది. "ఆంజనేయా, కాపాత్తప్పా!" అని ఇంత తులసి మాల నా మెడలో వేసింది. కాపాడమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే!

నన్నూ అవ్వనూ బడి దగ్గర దించి నాయన పనికి వెళ్లిపోయాడు. లోపల చూస్తే... ఒక్కరి చేతిలోనూ గద లేదు. పాపం, అందరూ మరిచిపోయారు అనుకున్నాను. ఒక్కొక్కరినీ లేపి టీచరమ్మ కథ చెప్పిస్తోంది. గద తేనందుకు అదే శిక్ష కాబోలు అనుకున్నాను!

నా వంతు వచ్చింది. "ఉన్ కదై ఎంగేమా?" అంది టీచరమ్మ, నీదెక్కడమ్మా అని.

రెండు చేతులతో గద పైకెత్తాను. "ఇదో టీచర్!"

తరగతంతా గొల్లుమంది. పక్క బల్ల అమ్మాయి నా తోక లాగి, "ఏయ్... గదై ఇల్లెడీ, కదై!" అంది. గద కాదే, కథ!

తమిళంలో రెండూ ఒకేలా రాస్తారని, పలకడంలో మొదటి అక్షరమే కొంచెం తేడా అని తర్వాత తెలిసింది. ఆ క్షణానికి తెలిసింది ఒకటే... నేను తేవాల్సింది తేలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల తిప్పితే కిటికీ ఊచలు పట్టుకుని అవ్వ. బయటికి మాటలు సరిగా వినపడక ఏం జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. పిల్లలు నవ్వుతుంటే తనూ మురిసిపోతూ నవ్వుతోంది. నేను ఏడిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది...

ఏడవలేదు. గద ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

టీచరమ్మ నన్ను చూసింది, కిటికీ వైపు చూసింది. మెల్లగా, "సరి... అంద గదైయోడ కదైయె సొల్లు" అంది. ఆ గద కథే చెప్పమని.

చెప్పాను. నెర్రె ముంత, మెంతులు, కాకులు, పూలావిడ... సగం తెలుగు, సగం తమిళం. దోశల మీద వార్తల దగ్గర టీచరమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. చివరికి తోక లాగిన పిల్లే, "నాకొకసారి ఇవ్వవా?" అంటూ గద కోసం చెయ్యి చాపింది.

ఇంటికి నడిచి వస్తూ దారంతా అవ్వ ఒకటే మాట. "నీ గద జూసి ఎంత సంతోషపడిపోయినారే అందురూ! ఆ టీచరమ్మకైతే కండ్లల్లో నీళ్లే వచ్చేసినాయి!"

నాయనకు మాత్రం చెవిలో చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "గమ్మునుండు. అవ్వకు జెప్పబాక" అన్నాడు. చెప్పలేదు. ఆ గద మా దేవుడి గూట్లో చాలా ఏళ్లు ఉంది... అవ్వ పోయిన తర్వాత కూడా.

మొన్న మా అన్న మనవరాలికి బళ్లో వేషాల పోటీ. ఫోన్‌లో వేలు ఆనిస్తే మర్నాటికల్లా కిరీటం, తోక, గద ఒకే కవర్లో వచ్చేశాయి. పాప ఎంత ముద్దుగా ఉందో... చల్లగా ఉండాలి. గద మరీ తేలిక, గాలి ఊదేది. ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను.

మెంతుల వాసన లేదు...

మీ ఇళ్లల్లో ఏ పాత ముంత, ఏ గొడుగు కర్ర ఏ దేవుడి చేతికి ఆయుధమైందో రాయండి. మా పాపకు చదివి వినిపిస్తాను. గద దానికి ఉంది... కథే కావాలి.